కొనేవాళ్ల ఊళ్లో టైమెంత? మెయిల్ హెడ్డర్లతో రెండు నెలల పని

సెప్టెంబర్ 8, 2025, సోమవారం

ఈ పనికి కారణం మార్చి 10న జరిగిన ఒక పొరపాటు. ముందు దాన్ని రాసిపెట్టుకుంటాను, మధ్యలో విసుగొస్తే మళ్లీ చదువుకోవడానికి.

మాది ఒంగోలు కర్నూలు రోడ్డులో చిన్న గ్రానైట్ ఎగుమతి ఆఫీసు. వ్యాపారం మావయ్యది. మెయిళ్లు, ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు నా పని. చీమకుర్తి గెలాక్సీ స్లాబులు కొనే బయ్యర్లు ఇప్పుడు ప్రతిసారీ విమానమెక్కి రావడం లేదు. వీడియో కాల్ పెట్టమంటారు. యార్డులో స్లాబుల్ని స్టాండ్లకు వరసగా ఆనించి నిలబెడతాం, కడిగి తుడుస్తాం, ఫోన్ పట్టుకుని ఒక్కొక్కటే చూపిస్తాం. ఆ నల్లరాయికి గెలాక్సీ అని పేరు తెచ్చినవి అందులోని బంగారు రంగు చుక్కలు. అవి ఎండలో మెరిసినట్టు ట్యూబ్‌లైట్ కింద మెరవవు. అందుకని కాల్ టైమ్ అంటే మాకు వెలుతురు ఉండే టైమ్ కూడా కావాలి.

న్యూయార్క్ వైపు బయ్యర్ ఒకాయన ఆ రోజు తన టైమ్ ఉదయం ఏడున్నరకు చూస్తానన్నారు. నేను ఎప్పటిలాగే పదిన్నర గంటలు కలిపి, సాయంత్రం ఆరింటికి అని యార్డుకు చెప్పాను. అంతకుముందు రోజు, మార్చి 9 ఆదివారం, అమెరికాలో ఏటా వేసవి కోసం జరిపినట్టే గడియారాలు గంట ముందుకు జరిగాయి. తేడా తొమ్మిదిన్నరకు తగ్గింది. కాల్ ఐదింటికి ఉండాల్సింది. మేం ఆరింటికి ఫోన్ చేసేసరికి ఆయన వేరే పనిలో పడ్డారు. స్లాబులు మోసి నిలబెట్టిన కుర్రాళ్ల ముఖాలు చూడలేకపోయాను. మావయ్య ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఆర్డరు తర్వాత వచ్చింది. కానీ అలాంటిది మళ్లీ జరగకూడదు. అనుకున్న పని ఇది: బయ్యర్ పంపిన మెయిల్ హెడ్డర్‌లోంచి, అంటే మెయిల్‌తోపాటు వచ్చే లోపలి వివరాల వరసల్లోంచి, వాళ్ల టైమ్ జోన్ తీసుకుని, మనం ఇచ్చే జవాబు డ్రాఫ్ట్‌లో వాళ్ల టైమ్, మన టైమ్ రెండూ దానంతటదే పడాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కాలేజీలో కొంత నేర్చుకున్నాను. గట్టిగా పట్టుకుంటే రెండు వారాల పని అనుకుంటున్నాను.

సెప్టెంబర్ 10, బుధవారం

జీమెయిల్‌లో మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తెరిస్తే లోపలి హెడ్డర్లన్నీ కనిపిస్తాయి. నాకు కావాల్సింది 'డేట్' అనే ఒక్క వరస. వారం, తేదీ, నెల, సంవత్సరం, టైమ్, ఆ చివర +0200 లాంటి ఒక అంకె. ఆ అంకెను ఆఫ్‌సెట్ అంటారు. ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ కన్నా పంపినవాళ్ల గడియారం ఎంత ముందుందో, ఎంత వెనక ఉందో అది చెబుతుంది. మొదటి రెండు అంకెలు గంటలు, తర్వాతి రెండు నిమిషాలు. మనది +0530. ఈ వరస ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 5322, 2008లో వచ్చింది. దానికి ముందు 1982 నాటి 822, 2001 నాటి 2822 ఉన్నాయి. పాతవాటి ఆనవాళ్లు కొన్ని మెయిళ్లలో ఇప్పటికీ తగులుతాయట. చూడాలి.

ఈ రోజు ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిళ్లను ప్రోగ్రామ్‌తో చదివే పద్ధతి) ద్వారా ఇన్‌బాక్స్‌కు కనెక్ట్ అయ్యాను. అకౌంట్‌కు రెండంచెల భద్రత పెట్టి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాల్సి వచ్చింది. అంతవరకు సాఫీగానే నడిచింది. సాయంత్రం మావయ్య కేకేశాడు, "అమ్మాయ్, నా చదవని మెయిళ్లన్నీ ఏమైపోయినయ్?" అని. ఆయన చదవని మెయిళ్లనే చేయాల్సిన పనుల లిస్టుగా వాడుకుంటాడు. నేను రాసిన స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) ప్రతి మెయిల్‌నూ పూర్తిగా తెరవడంతో అన్నీ చదివినట్టు మారిపోయాయి. కూర్చుని ఏవేవి చదవలేదో ఆయన్నే అడిగి ఒక్కొక్కటే వెనక్కి మార్చాను.

దీనికి మందు ఐమ్యాప్‌లోనే ఉంది. మెయిల్ అడిగేటప్పుడు 'బాడీ' అని కాకుండా 'బాడీ.పీక్' అని అడగాలి. పీక్ అంటే తొంగి చూడటం. చదివిన గుర్తు పడదు. దానికి తోడు మొత్తం మెయిల్ అక్కర్లేదు, 'డేట్', 'ఫ్రమ్' వరసలు మాత్రమే ఇమ్మని అడగొచ్చు. అలా మార్చాక పని చాలా వేగంగా కూడా అవుతోంది. ఎవరైనా ఈ దారిలోకి వస్తే ముందుగా చేయాల్సింది ఇదే.

సెప్టెంబర్ 13, శనివారం

ఆఫ్‌సెట్‌ను నేనే లెక్కగట్టబోయి రెండు తప్పులు చేశాను.

మొదటిది: +0530ని వందతో భాగిస్తే 5.30 వచ్చింది. దాన్ని గంటలుగా తీసుకున్నాను. 5.30 గంటలంటే ఐదు గంటల పద్దెనిమిది నిమిషాలు, ఐదున్నర కాదు. చెన్నై షిప్పింగ్ ఏజెంట్ మెయిల్ మీద పరీక్షిస్తే మా ఇద్దరి మధ్య 12 నిమిషాల తేడా చూపించింది. అందువల్ల దొరికింది. ఇటలీ మెయిల్‌తో మాత్రమే పరీక్షించి ఉంటే +0200 దగ్గర లెక్క సరిగ్గానే వచ్చేది, తప్పు లోపలే ఉండిపోయేది. అర గంట ఆఫ్‌సెట్ ఉన్న దేశంలో పుట్టినందుకు ఈ ఒక్క విషయంలో లాభం.

రెండోది మైనస్ వైపు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్‌కు చలికాలంలో -0330. దాన్ని పైథాన్‌లో వందతో భాగహారం చేస్తే భాగఫలం -4, శేషం 70 వస్తాయి. మూడున్నర గంటలు వెనక ఉండాల్సింది రెండు గంటల యాభై నిమిషాలకు మారిపోయింది. గుర్తును ముందు పక్కన పెట్టి, లెక్క చేసి, తర్వాత కలపాలి.

ఆఖరికి రెండూ తీసేశాను. పైథాన్‌తోపాటే వచ్చే ఈమెయిల్ లైబ్రరీలో 'పార్స్‌డేట్ టూ డేట్‌టైమ్' అనే ఫంక్షన్ ఈ పనంతా చేస్తుంది. ముందే అది వాడాల్సింది. అయినా చేత్తో చేసి చూశాను కాబట్టి ఇప్పుడు ఆ నాలుగంకెల్లో ఏముందో బాగా తెలుసు.

సెప్టెంబర్ 17, బుధవారం

చైనా నుంచి వచ్చిన ఒక మెయిల్‌ను నా స్క్రిప్ట్ అమెరికా మధ్య రాష్ట్రాల్లో పడేసింది. 14 గంటల తేడా!

కారణం తేలికగానే దొరికింది. ఆ డేట్ వరస చివర +0800 అని ఉండి, దాని పక్కన బ్రాకెట్లో సీఎస్టీ అని మూడు అక్షరాలున్నాయి. నేను అంతకుముందు రాసిన ఒక చెత్త నియమం అక్షరాలు కనబడితే వాటికే మొగ్గు చూపుతోంది. వాళ్ల సీఎస్టీ అంటే చైనా స్టాండర్డ్ టైమ్. పాత ప్రమాణంలో సీఎస్టీ అంటే అమెరికా సెంట్రల్ స్టాండర్డ్ టైమ్, -0600. అక్షరాలు అవే, ఊళ్లు భూగోళానికి అటూ ఇటూ.

మన ఐఎస్టీ సంగతీ అంతే. ఇండియాకూ, ఇజ్రాయెల్‌కూ, ఐర్లండ్‌కూ అవే మూడక్షరాలు. పైథాన్ లైబ్రరీ దగ్గరున్న పొట్టి పేర్ల జాబితాలో జీఎంటీ, యూటీసీ లాంటివి, కొన్ని ఉత్తర అమెరికా జోన్లు మాత్రమే ఉన్నాయి, ఐఎస్టీ లేదు. ఎవరి మెయిల్‌లోనైనా అంకె లేకుండా ఐఎస్టీ అని మాత్రమే ఉంటే జోన్ తెలియదన్నట్టు తిరిగి ఇస్తుంది. అదే సరైన పద్ధతి. బ్రాకెట్లో ఉన్నది మనుషులు చదువుకోవడానికి రాసిన మాట, లెక్కకు కాదు. నియమం తీసేశాను. అంకె ఉంటే అంకె, లేకపోతే తెలియదు.

సెప్టెంబర్ 22, సోమవారం

ఈ పనిలో అసలు గట్టి రాయి ఈ రోజు తగిలింది.

మా బయ్యర్లు, ఏజెంట్ల మెయిళ్లు ఒక నలభై ఏరి, ఒక్కోదాని ఆఫ్‌సెట్ ఎక్సెల్‌లో రాశాను. ఇటలీ ఏజెంట్‌ది +0200. బాగుంది. పోలండ్ ఆయనదీ అంతే. తైవాన్ +0800. ఆ తర్వాత వరసగా +0000, +0000, +0000. అమెరికా బయ్యర్‌ది కూడా అదే. న్యూయార్క్‌లో కూర్చున్న మనిషి గడియారం సెప్టెంబర్‌లో -0400 చూపించాలి. ఆయన మెయిల్ సున్నా చూపిస్తోంది.

మొదట నా కోడ్‌లోనే తప్పుందనుకుని గంటన్నర వెతికాను. లేదు. షో ఒరిజినల్‌లోనే సున్నా ఉంది. పెద్ద ఆఫీసులు వాడే కొన్ని మెయిల్ సర్వీసులు పంపేవాళ్లు ఏ దేశంలో ఉన్నా డేట్ వరసను యూటీసీలోనే రాస్తాయి. టైమ్‌లో తప్పు లేదు, ఆ క్షణం కచ్చితంగా అదే. పంపినవాళ్ల గోడ గడియారం మాత్రం అందులో కనబడదు. చలికాలంలో లండన్ నుంచి వచ్చిన మెయిల్‌లో నిజంగానే +0000 ఉంటుంది. చూసి ఏది ఏదో చెప్పే దారి లేదు.

ఇక్కడ ప్రమాణం రాసినవాళ్లు ఆలోచించిన ఒక సంగతి నాకు చాలా నచ్చింది. ఆర్ఎఫ్‌సీ 5322 ప్రకారం +0000కీ -0000కీ అర్థాలు వేరు. మొదటిది యూటీసీ జోన్. రెండోది 'ఈ టైమ్ యూటీసీలో చెబుతున్నాను, పంపినవాళ్ల స్థానిక సమయం గురించి ఏమీ చెప్పడం లేదు' అని. ఒక్క గుర్తులో 'తెలియదు' అని చెప్పే ఏర్పాటు. పైథాన్ లైబ్రరీ కూడా దీన్ని గౌరవిస్తుంది. -0000 వస్తే జోన్ లేని తేదీ ఇస్తుంది, +0000 వస్తే యూటీసీ తగిలించి ఇస్తుంది. అందరూ పాటిస్తే నా పని సగం తగ్గేది. నా నలభై మెయిళ్లలో -0000 ఉన్నవి రెండే, రెండూ ఏదో సాఫ్ట్‌వేర్ పంపిన నోటీసులు.

సున్నా వచ్చినప్పుడు వేరే హెడ్డర్ చూద్దామని 'రిసీవ్డ్' వరసల్లోకి దిగాను. మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు చేరినప్పుడల్లా పైన ఒక రిసీవ్డ్ వరస పడుతుంది. అన్నిటికన్నా పాతది అడుగున ఉంటుంది. అడుగుది పంపినవాళ్లకు దగ్గరది కదా, అక్కడ జోన్ దొరుకుతుందని ఆశపడ్డాను. ఇటలీ ఏజెంట్ జీమెయిల్ నుంచి పంపినదాంట్లో అక్కడ -0700 ఉంది. అది కాలిఫోర్నియా వేసవి టైమ్. ఆయన మిలాన్ దగ్గర ఉన్నాడు, గడియారం మాత్రం గూగుల్ సర్వర్‌ది. పోస్టాఫీసు ముద్ర చూసి ఉత్తరం రాసినవాళ్ల ఇల్లు ఎక్కడో చెప్పబోయినట్టు అయింది నా పని. రిసీవ్డ్ వరసల జోలికి ఇక పోను. దారిలో మెయిల్ ఎక్కడ ఆలస్యమైందో చూడటానికి అవి పనికొస్తాయి, దీనికి కాదు.

రాత్రి అన్నం తింటూ మావయ్యకు ఇదంతా చెప్పాను. ఆయన విని, "మెయిల్ కింద సంతకంలో ఊరి పేరు ఉంటది గదమ్మా. లేకపోతే ఆయన్నే అడుగు" అన్నాడు.

సెప్టెంబర్ 29, సోమవారం

మావయ్య మాటే పనికొచ్చింది. వారం రోజులు తలలో తిరిగిన విషయం ఇప్పుడు స్పష్టంగా రాయగలను. ఆఫ్‌సెట్ వేరు, జోన్ వేరు.

ఆఫ్‌సెట్ అంటే ఆ మెయిల్ పంపిన క్షణంలో ఆ గడియారం ఎక్కడుందో చెప్పే అంకె. అంతే. జోన్ అంటే ఒక ఊరి గడియారం ఏడాది పొడవునా ఎప్పుడెలా నడుస్తుందో చెప్పే నియమాల కట్ట. ఈ రోజు +0200 అని వచ్చిన మెయిల్ రోమ్ నుంచి కావచ్చు, జొహానెస్‌బర్గ్ నుంచి కావచ్చు. ఇద్దరి గడియారాలూ ఇప్పుడు ఒకటే టైమ్ చూపిస్తాయి. అక్టోబర్ 26న రోమ్ గంట వెనక్కి జరుగుతుంది, జొహానెస్‌బర్గ్ కదలదు. నవంబర్‌లో పెట్టుకునే కాల్‌కు సెప్టెంబర్ మెయిల్ ఆఫ్‌సెట్ వాడితే మార్చి 10 పొరపాటే మళ్లీ చేస్తాను, ఈసారి కంప్యూటర్‌తో.

కాబట్టి ఒక రిజిస్టర్ పెట్టాను. బయ్యర్ మెయిల్ అడ్రస్, ఊరు, జోన్ పేరు, ఎవరు ఖాయం చేశారు, ఏ తేదీన. జోన్ పేర్లు ఇంటర్నెట్ పేర్లు, నంబర్లు చూసే ఐఏఎన్ఏ సంస్థ నిర్వహించే టైమ్ జోన్ డేటాబేస్‌లోవి: యూరప్/రోమ్, అమెరికా/న్యూయార్క్, ఆసియా/తైపేయ్, ఆసియా/కోల్‌కతా. పైథాన్ 3.9 నుంచి 'జోన్‌ఇన్ఫో' అనే మాడ్యూల్ వీటిని చదువుతుంది. ఆఫీసు విండోస్ మెషీన్లో జోన్ దొరకలేదని ఎర్రర్ ఇచ్చింది. విండోస్ దగ్గర ఈ డేటాబేస్ ఉండదు, 'టీజెడ్‌డేటా' ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. వేయగానే నడిచింది.

నడిచిన సంతోషంలో పాత తేదీలు ఇచ్చి చూశాను. ఆసియా/కోల్‌కతా జోన్‌కు 1900లో ఒక తేదీ ఇస్తే ఐదు గంటల 21 నిమిషాల 10 సెకన్లు అని చెప్పింది. ఎక్కడిదా అని చూస్తే, అది మద్రాసు టైమ్! ఐఎస్టీ వచ్చేదాకా మన రైళ్లు ఆ టైమ్ మీదే నడిచాయి. ఒంగోలు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఐఎస్టీకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ వైపు పోతుంది, మనం దానికి రెండున్నర డిగ్రీలు పడమర. అందుకే మన ఊళ్లో సూర్యుడు గడియారం కన్నా ఇంచుమించు పది నిమిషాలు వెనక ఉంటాడు. 1943లో తేదీ ఇస్తే ఇంకో ఆశ్చర్యం, +0630. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలోనూ గడియారాలు గంట ముందుకు జరిపారు. మా తాతయ్య చిన్నప్పటి సంగతి. ఈ గంట జరపడం మనకెప్పుడూ లేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

అక్టోబర్ 2, గురువారం

విజయదశమి. యార్డులో క్రేన్‌కు, కటింగ్ మెషీన్లకు పూజ. మావయ్య నా కంప్యూటర్‌కు కూడా బొట్టు పెట్టమన్నాడు. పెట్టాను. పని లేదు.

అక్టోబర్ 9, గురువారం

ఇటలీ ఏజెంట్ రామతీర్థం క్వారీలో బ్లాకుల మార్కింగ్‌కు స్వయంగా వచ్చాడు. రెండు రోజులు ఒంగోలు హోటల్లో ఉన్నాడు. రాత్రి తన ఫోన్ నుంచి ప్యాకింగ్ లిస్టు గురించి మెయిల్ పెట్టాడు. ఆఫ్‌సెట్ +0530. పొద్దున ల్యాప్‌టాప్ నుంచి ఇంకోటి, +0200. ఫోన్ గడియారం ఇక్కడి నెట్‌వర్క్ టైమ్ పట్టుకుంది, ల్యాప్‌టాప్ గడియారాన్ని ఆయన మార్చలేదు. అదే మనిషి, అదే హోటల్, రెండు జోన్లు.

కొత్త ఆఫ్‌సెట్ కనబడితే రిజిస్టర్‌ను దానంతటదే మార్చేలా నేను పోయిన వారం రాసి ఉన్నాను. అది ఆయన్ను ఆసియా/కోల్‌కతాలో వేసేసింది. పొద్దున చూసుకోబట్టి సరిపోయింది. ఆ భాగం తీసేశాను. ఇక రిజిస్టర్‌లో జోన్ మారాలంటే మనిషి చేత్తో మార్చాలి. మెయిల్ ఆఫ్‌సెట్, రిజిస్టర్ జోన్ ఆ తేదీకి చెప్పే ఆఫ్‌సెట్ ఒకటి కాకపోతే డ్రాఫ్ట్ పైన నాకు ఒక గమనిక మాత్రం పడుతుంది: 'ఈయన ప్రయాణంలో ఉండొచ్చు, అడుగు.' సున్నా ఆఫ్‌సెట్లకు ఈ గమనిక వద్దు, లేకపోతే రోజూ అదే గోల.

హెడ్డర్ పని ఇక్కడ మారిపోయింది. మొదట్లో అదే జోన్ చెప్పాలనుకున్నాను. ఇప్పుడది రిజిస్టర్‌ను సరిచూసే సాక్షి. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఇలాగే ఉండాలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

అక్టోబర్ 16, గురువారం

టెంప్లేట్ మాటలు. చిన్న పని అనుకుంటే మూడు సాయంత్రాలు తీసుకుంది.

కాల్ టైమ్ వరస ఇలా కుదిరింది: ముందు వాళ్ల ఊరి పేరుతో వాళ్ల వారం, తేదీ, టైమ్. కింద వరసలో ఒంగోలు పేరుతో మన వారం, తేదీ, టైమ్. 'రేపు', 'ఈ సాయంత్రం' లాంటి మాటలు టెంప్లేట్‌లో ఎక్కడా లేవు. అమెరికా ఆయనకు రాత్రి తొమ్మిదైతే మనకు తెల్లవారిపోతుంది. ఆయన రేపు, మన రేపు ఒకటి కావు. వారం పేరు తప్పనిసరి. ఐఎస్టీ అన్న మూడక్షరాలు కూడా తీసేశాను, ఒంగోలు టైమ్ అనే రాస్తున్నాం. ఇటలీ, పోలండ్ వాళ్లకు 24 గంటల లెక్క, అమెరికా వాళ్లకు ఏఎం, పీఎం. దానికి రిజిస్టర్‌లో ఇంకో గడి చేరింది.

రిజిస్టర్‌లో లేని కొత్త మనిషి రాస్తే ఏం చేయాలి? ఆఫ్‌సెట్ సున్నా కాకుండా ఉంటే 'మీరు మీ టైమ్ ఇన్నింటికి పంపిన మెయిల్ అందింది' అనే వరస వరకు దాన్ని వాడొచ్చు, అది జరిగిపోయిన క్షణం కాబట్టి. ముందు జరగబోయే కాల్‌కు మాత్రం వాడకూడదు. అక్కడ ఒంగోలు టైమ్, యూటీసీ ఇచ్చి, 'మీరు ఏ ఊళ్లో ఉంటారో చెబితే మీ టైమ్‌లో ఖాయం చేస్తాం' అని మర్యాదగా అడుగుతుంది. సున్నా అయితే మొదటి వరస కూడా ఉండదు. తెలియని టైమ్‌ను అందంగా అచ్చేసి పంపడం కన్నా అడగడం మేలు. అడిగినందుకు ఇంతవరకు ఒక్క బయ్యర్ కూడా విసుక్కోలేదు.

జవాబులు డ్రాఫ్ట్స్‌లోకే వెళ్తాయి, పంపేది మేమే. మొదటి డ్రాఫ్ట్ పాత సంభాషణ కింద చేరకుండా విడి మెయిల్‌గా నిలబడింది. అసలు మెయిల్ 'మెసేజ్ ఐడీ'ని మన జవాబులో 'ఇన్ రిప్లై టు', 'రెఫరెన్సెస్' వరసల్లో పెట్టాలి. పెట్టాక సరిగ్గా కూర్చుంది.

అక్టోబర్ 27, సోమవారం

నిన్న యూరప్ గడియారాలు గంట వెనక్కి జరిగాయి. అక్కడ ఈ మార్పు మార్చి, అక్టోబర్ నెలల ఆఖరి ఆదివారాల్లో. ఇటలీతో తేడా మూడున్నర నుంచి నాలుగున్నరకు పెరిగింది. పోయిన వారం తయారైన డ్రాఫ్ట్‌లో ఈ రోజు కాల్ రోమ్ టైమ్ 10:00కి, ఒంగోలు టైమ్ మధ్యాహ్నం 2:30కి అని ఉంది. వారం ముందే కొత్త తేడాతో లెక్క వేసింది! సరిగ్గా రెండున్నరకు ఏజెంట్ లైన్లోకి వచ్చాడు. ఆయనకు ఇందులో విశేషమేమీ లేదు. నాకు మాత్రం గుండె నిండిపోయింది.

ఈ వారం ఒక మెలిక ఉంది. అమెరికా మారేది నవంబర్ మొదటి ఆదివారం, ఈసారి 2వ తేదీన. అంతవరకు రోమ్, న్యూయార్క్‌ల మధ్య తేడా ఎప్పటి ఆరు గంటలు కాకుండా ఐదే. ఇటలీ ఏజెంట్, అమెరికా బయ్యర్ కలిసి ఉండే కాల్ ఏదీ ఈ వారం పెట్టొద్దని మావయ్యకు చెప్పాను.

అక్టోబర్ 29, బుధవారం

రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మనకు విపరీతమైన వాన. ఆఫీసులో కరెంటు లేదు, యార్డులో నీళ్లు నిలిచాయి. స్లాబులకేం కాలేదు, చెక్క క్రేట్లు తడిశాయి. షిప్‌మెంట్ ఏమైందని అడుగుతున్న బయ్యర్లకు ఫోన్‌లోంచే చేత్తో రాసి పంపాను. స్క్రిప్ట్ నడిచే మెషీన్ ఆఫ్‌లో ఉంది. రిజిస్టర్ కాపీ ఒకటి ఫోన్‌లో ఉండటం ఈ రోజు ఉపయోగపడింది, ఎవరి టైమెంతో చూసుకోగలిగాను.

నవంబర్ 4, మంగళవారం

మార్చి 10 నాటి బయ్యర్‌తోనే కాల్.

ఆయన ఎప్పటిలాగే తన టైమ్ ఉదయం 8 గంటలు అడిగారు. అక్టోబర్‌లో అయితే అది మనకు సాయంత్రం ఐదున్నర, ఎలాగో సరిపెట్టేవాళ్లం. ఆదివారం నుంచి అది ఆరున్నర. ఈ రోజుల్లో ఒంగోలులో 5:40 కల్లా సూర్యుడు దిగిపోతాడు. పోయిన వారం వచ్చిన డ్రాఫ్ట్‌లో ఆరున్నర అని చూడగానే నాకు తెలిసింది, చీకట్లో రాయి చూపించలేం అని. ఏడింటికి మొదలుపెడదామన్నా మనకు ఐదున్నర, పది నిమిషాల వెలుతురు.

అటు తిప్పి చూశాను. ఆయనకు సోమవారం రాత్రి 9 అంటే మనకు మంగళవారం ఉదయం ఏడున్నర. మంచి ఎండ, అదీ ఏటవాలుగా పడే ఎండ, చుక్కలు బాగా లేస్తాయి. రెండు టైమ్‌లూ డ్రాఫ్ట్‌లో పెట్టి, ఉదయం వెలుతురులో చూస్తే రాయి రంగు బాగా తెలుస్తుందని ఒక వరస చేర్చాను. ఆయన రెండోది ఎంచుకుని, భోజనం చేశాక ఇంట్లోంచే చూస్తానని రాశారు.

ఈ రోజు ఆరున్నరకే యార్డుకు వెళ్లాను. వాన వెలిసి ఆకాశం తేటగా ఉంది. సూపర్‌వైజర్ అన్న స్లాబుల్ని తూర్పు ముఖంగా నిలబెట్టించాడు. 7:28కి ఫోన్ మోగింది. రెండు నిమిషాలు ముందే! గంటసేపు ఒక్కో స్లాబూ చూశారు. రెండింటి మీద గీత ఉందని పక్కన పెట్టమన్నారు, అవి నిజంగానే పక్కన పెట్టాల్సినవి. మిగతావి ఖాయం. మార్చిలో స్లాబులు మోసిన కుర్రాళ్లే ఈ రోజూ ఉన్నారు. వాళ్లకు టీ, ఇడ్లీ తెప్పించాను.

నవంబర్ 10, సోమవారం

కొత్త ఎంక్వయిరీ ఒకటి వచ్చింది. ఆఫ్‌సెట్ +1030. మావయ్య చూసి, "ఇదేం అంకె?" అన్నాడు. దక్షిణార్ధగోళంలో ఇప్పుడు ఎండాకాలం దగ్గర పడుతోంది, ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రాల్లో అక్టోబర్‌లో గడియారాలు ముందుకు జరుగుతాయి. అక్కడ అడిలైడ్ వైపు ఈ నెలల్లో +1030. మనకన్నా సరిగ్గా ఐదు గంటలు ముందు. అదే అయి ఉంటుందని నాకు గట్టి అనుమానం. కానీ సంతకంలో కంపెనీ పేరు ఉంది, ఊరి పేరు లేదు.

రిజిస్టర్‌లో ఆయన వరస తెరిచి, ఊరు, జోన్ గడులు ఖాళీగా వదిలాను. డ్రాఫ్ట్ దానంతటదే వచ్చింది: ఆయన టైమ్ సాయంత్రం 4:12కి పంపిన మెయిల్ అందిందని, స్లాబులు చూడటానికి ఒంగోలు టైమ్ బుధవారం ఉదయం 9 కుదురుతుందని, పక్కన యూటీసీ 3:30, ఆ కింద మీరు ఏ ఊరని ప్రశ్న. మావయ్య ఒకసారి చదివి, 'గౌరవనీయులైన' అన్న చోట స్పెల్లింగ్ సరిచేయించి, తనే పంపాడు.